బాక్సులు జరిగాయి

ఫిబ్రవరి 6, 2007

వీరరాఘవయ్య గారు ఇవాళ ఇంటికి పిలిపించి నీతి అడిగారు. పక్కింటివాళ్ళు కాఫీపొడి అడిగినట్టు అడిగారు.

"నువ్వు ఎమ్మే ఫిలాసఫీ కదయ్యా ఆదినారాయణా. నీతి అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పు. క్లైమాక్సులో హీరో కోర్టు బోనులో నిలబడి ఆ మాట అనాలి. ఈల పడాలి."

నలభై సినిమాలకి మాటలు రాసిన మనిషి. జూబ్లీహిల్స్‌లో మూడంతస్తుల మేడ, గేటు మీద సరస్వతి బొమ్మ, లోపల అద్దాల బీరువా నిండా పుస్తకాలు. ఒక్కదాని అట్టయినా నలగలేదు. నీతి అంటే తెలియకుండానే నలభై సినిమాల్లో చెడ్డవాణ్ణి చంపించేశాడు మహానుభావుడు.

ఏలూరు కాలేజీలో నాలుగేళ్ళు ఈ ప్రశ్న చుట్టూనే పిల్లల్ని తిప్పాను నేను. తర్వాత సినిమా పిచ్చితో ఫిలింనగర్ వచ్చిపడి పదకొండేళ్ళుగా కంటిన్యుటీ రాస్తున్నాను. ఏ షాట్లో హీరో ఎన్ని గుండీలు విప్పాడు, గ్లాసు ఏ చేత్తో పట్టుకున్నాడు, కుండీ ఎక్కడుంది. తర్వాతి షాట్లో అది మారితే "తప్పింది" అని అరవాలి. అంత చదువూ చదివి నేను తేలింది ఇక్కడ.

"ఎవరికీ హాని చెయ్యకపోవడం అనుకోండి" అన్నాను.

"మరి మనకి ఆరు ఫైట్లున్నాయి కదయ్యా" అన్నారు.

ఫిబ్రవరి 8

ఇవాళ ప్రొడ్యూసర్ సూర్యప్రకాశరావు గారి దగ్గర స్క్రిప్టు సిట్టింగ్. ఈయనది సినిమా కాదు, సాఫ్ట్‌వేర్. చెక్‌పోస్ట్ దాటాక గాజు మేడ కట్టాడు. మేడ మిగిలిపోయిందని సినిమా తీస్తున్నాడో, సినిమా కోసం మేడ కట్టాడో ఆయనకే తెలియాలి. కథలో హీరో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, నిజాయితీపరుడు, రెండో అంతస్తు నుంచి దూకుతాడు. ఆ దూకుడు ఈ మేడ మీద నుంచే తియ్యాలట. బిల్డింగ్ కనపడాలిగా.

రిసెప్షన్ గోడకి ఫ్రేము కట్టించి "మా విలువలు" అని ఏడు ఇంగ్లీషు మాటలు పెట్టారు. ఆరో మాటకి స్పెల్లింగ్ తప్పు. నా కంటికి ముందు పడేది అదే కదా. నీతి సంగతి ఆయన్నీ అడిగాను.

"మా దగ్గర నీతి అంటే పాలసీ డాక్యుమెంటండీ. పన్నెండు పేజీలు. చేరిన ప్రతివాడూ సంతకం పెట్టాలి. ఏటా అప్‌డేట్ చేస్తాం."

"అంటే పోయినేటి నీతి ఈ ఏడు మారిందా అండీ?"

"రెండు క్లాజులు మారాయి" అన్నాడు. నవ్వకుండా అన్నాడు.

ఫిబ్రవరి 11

ఎక్కువమందికి మేలు చేసేది నీతి అని డైరెక్టర్ పృథ్వీరాజ్‌కి చెప్పి చూశాను. కుర్రాడికి ఇది మొదటి సినిమా. "ఎక్కువమంది అంటే, చిన్న ఊళ్ళ ఆడియన్సా సార్?" అన్నాడు.



ఫిబ్రవరి 13

గాజు మేడ దగ్గర దూకే షాట్. చిన్న ఇబ్బంది. హీరో బదులు దూకిన ఫైటర్ నర్సింహకి దెబ్బ తగిలింది. బాక్సులు జరిగాయి. పెందలాడే ప్యాకప్.

సీన్ 62, షాట్ 4. నీలం చొక్కా, రెండు గుండీలు విప్పి. పూలకుండీలు అయిదు. షూ లేసు ఎడమది ఊడింది. అన్నీ రాసుకున్నాను.

ఫిబ్రవరి 14

నర్సింహకి తుంటి ఎముక విరిగిందట. నడుస్తాడు గానీ ఇక దూకలేడన్నారట.

నిన్న సరిగ్గా రాయలేదు. జరిగింది జరిగినట్టు రాసుకుంటే మనసు కుదుటపడుతుంది.

దూకేవాడి కింద ఖాళీ అట్టపెట్టెలు గుట్టగా పేర్చి, పైన పరుపు వేస్తారు. బాక్సులంటే అవే. పైన అంచు మీద ఎర్ర టేపుతో మార్కు వేస్తారు. ఆ మార్కు మీద నుంచి దూకితే సరిగ్గా బాక్సుల నడుమ పడతాడు. రిహార్సల్లో రెండుసార్లు దూకాడు, రెండుసార్లూ పరుపు మధ్యలోనే పడి లేచి చొక్కా దులుపుకున్నాడు. టేక్‌కి ముందు కెమెరా కిందికి దించారు. అప్పుడు బాక్సుల మూల ఫ్రేములోకి వస్తోందని తేలింది. ముందు తీసిన షాట్లో అక్కడ పూలకుండీలు తప్ప ఏమీ లేవు. అందుకని బాక్సులు రెండడుగులు ఎడమకి జరిపారు. కింద బాక్సులు జరిపితే పైన మార్కూ జరపాలి. ఆ సంగతి పైకి ఎవరూ చెప్పలేదు.

చెప్పాల్సింది ఫైట్ మాస్టరు. ఆయన ఫోన్లో ఉన్నాడు. ఆయన లేకపోతే అసిస్టెంట్ డైరెక్టర్లు. వాళ్ళు గాజు లోపలినుంచి చూస్తున్న సాఫ్ట్‌వేర్ అమ్మాయిల వంక చూస్తున్నారు. అది నా పని కాదు. కంటిన్యుటీ వాడి పని ఫ్రేము లోపల ఏముందో చూడటం. ఫ్రేము బయట ఉన్నది నా పని కాదు.

అంబులెన్సు రాకముందే సగం యూనిట్ మాయమైపోయింది. ఒక్కొక్కడూ "వెళ్ళక తప్పలేదండీ" అంటాడు ఇవాళ. ఫిలింనగర్లో నీతికి ఉన్నది ఒకటే మాట: తప్పలేదు. ఒకరికిచ్చిన డేట్లు ఇంకొకరికిచ్చిన హీరో తప్పలేదంటాడు. వేషమిస్తానని ఏడాది తిప్పి మొహం చాటేసిన మేనేజరు తప్పలేదంటాడు. చేసిన తప్పుకి ఒక 'లేదు' తగిలిస్తే చాలు, తప్పే లేదన్నట్టు వినపడుతుంది. ఎంత వీలైన భాష మనది. థూ.

ఫిబ్రవరి 16

పృథ్వీరాజ్ ఫోన్ చేశాడు. "ఫైటర్ల యూనియన్ కమిటీ వేసిందండీ. గురువారం మన ఆఫీసుకొస్తారు. మీ కంటిన్యుటీ షీటు చూస్తారట. ఫెయిర్ కాపీ ఉందా సార్?"

సెట్లో పెన్సిల్‌తో గీకుతాం, ఇంటికొచ్చి పెన్నుతో శుభ్రంగా ఎక్కిస్తాం. పదకొండేళ్ళుగా అంతే. సీన్ 62 ఇంకా ఎక్కించలేదని చెప్పాను.

"మంచిదైంది. మార్కు తప్పి దూకాడని అందరూ అంటున్నారు. మీకూ అలాగే అనిపిస్తే అలాగే రాయండి. మిమ్మల్ని బలవంతపెట్టట్లేదు సార్. నా మొదటి సినిమా, అంతే."

బలవంతపెట్టట్లేదట. ఇరవై ఎనిమిదేళ్ళకే ఎంత బాగా నేర్చాడో.

పెన్సిల్ షీటులో ఏముందో ఇక్కడ రాయక్కర్లేదు. నాకు తెలుసు.

పెన్నుతో ఎక్కించాను. "టేక్ 1. ఫైటర్ మార్కు తప్పాడు." దస్తూరి బాగా వచ్చింది.

ఫిబ్రవరి 17

నీతి అంటే మనస్సాక్షి చెప్పినట్టు నడవడం. ఇది వీరరాఘవయ్య గారి సొంతం, పొద్దున్నే ఫోన్లో వినిపించారు. మనస్సాక్షి ఏం చెప్తుంది, ఎవరి సాక్షి వాడికి అనుకూలంగానే చెప్తుంది. మూడో తరగతి పిల్లాడి మాట.

ఫిబ్రవరి 19

కృష్ణానగర్ వెళ్ళాను. చూడకపోతే బాగుండదని వెళ్ళాను.

ఒకటే గది. నర్సింహ మంచం మీద, కాలు ఇటుకలు కట్టిన తాడుకి వేలాడుతూ. పంతొమ్మిదేళ్ళుగా దూకుతున్న మనిషి. గోడ మీద హీరోల ఫొటోలు వరసగా ఉన్నాయి. అన్నిట్లోనూ దూకుతున్నది నర్సింహే, మొహాలు మాత్రం వాళ్ళవి. వాళ్ళావిడ నీలమ్మ చాయ్ పెట్టింది. బత్తాయిలు తీసుకెళ్ళాను, ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకు కూర్చున్నాను.

"కమిటోల్లు ఏమంటరన్నా?" అంది నీలమ్మ. "మార్కు తప్పిండని అందరు అనవట్టిరి. ఈన నిద్రవోతలేడు."

"ఏమో అమ్మా, చూడాలి" అన్నాను.

నర్సింహ ఆమెని పక్కింటికి ఏదో తెమ్మని పంపాడు. ఆమె గడప దాటేదాకా ఆగాడు.

"అన్నా, నీ గొంతు నాకు పైకి ఇనవడ్డది. 'మూల పడుతోంది, రెండడుగులు జరపండి' అన్నవ్. ఏం జరపమంటున్నవో సమజ్ గాలె. పూలకుండీ అనుకున్న."

నేను ఒళ్ళో బత్తాయిలు సర్దుకున్నాను.

"నీ పేరు ఎవ్వరికి జెప్పలే. జెప్ప గూడ. నీ నౌకరి ఎందుకు తియ్యాలె? నీకు గూడ తప్పలేదేమో ఆ టయానికి. గని నేను మార్కు మీదికెల్లే దూకిన. గా ఒక్క ముక్క రాయి. ఇగ దూకుడు ఎట్లగూ లేదు. మాస్టర్ దగ్గర కొత్తోళ్ళకు నేర్పే పనుంటది. మార్కు తప్పినోడు ఏం నేర్పుతడే? ఎవడు నిలవడి ఇంటడు?"

నీకు తప్పలేదేమో అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అన్నాడు.

ఏదో ఒకటి మాట్లాడాలని నోటికొచ్చింది అడిగేశాను. నీతి అంటే ఏంటి నర్సింహా, సినిమాకి కావాలి అని. తుంటి విరిగి పడుకున్నవాణ్ణి. ఇంకెవరైనా ఈ పని చేశారని తెలిస్తే ఈ డైరీలో రెండు పేజీలు తిట్టేవాణ్ణి.

పైకప్పు వంక చూస్తూ చెప్పాడు. "ఏముంటదన్నా. దూకెటోడు కిందికి సూడడు. సూస్తే దూకలేడు. కిందున్నోని మీద భరోసతోని దూకుతడు. సూడాల్సింది కిందున్నోడే."

బత్తాయిలు మంచం మీద పెట్టి వచ్చేశాను. 

ఫిబ్రవరి 20

వాడడిగింది ఒక్క ముక్కే. కానీ ఆ ముక్క రాస్తే వెనకే ఇంకో ముక్క వస్తుంది. మార్కు మీద నుంచే దూకితే బాక్సుల మధ్యలో ఎందుకు పడలేదు? బాక్సులు జరిగాయి. ఎందుకు జరిగాయి? జరిపారు. ఎవరు జరిపారు? సెట్ కుర్రాళ్ళు. ఎవరు జరపమంటే?

ఏదైనా అవడాన్నీ, ఒక వస్తువు పక్కకి పోవడాన్నీ మన భాషలో జరగడమనే అంటాం. ప్రమాదం జరిగింది, బాక్సులు జరిగాయి. వాటంతట అవే, కాళ్ళొచ్చినట్టు. పదమూడో తారీఖున నేను ఈ డైరీలో అలాగే రాసుకున్నాను, ఎవరూ చదవని డైరీలో. ఎవణ్ణి మోసం చేద్దామని?

కంటిన్యుటీ కోసం నా దగ్గరుండే చిన్న కెమెరాలో రెండు ఫొటోలున్నాయి. జరపక ముందు బాక్సుల మూల మూడో కుండీ దగ్గర ఉంది. జరిపాక రెండో కుండీ దగ్గర. రెండూ నేనే తీశాను. తుడిచెయ్యలేదు. ఎందుకు తుడవలేదో తెలియదు.

ఫిబ్రవరి 22

కమిటీ ముగ్గురు. టీ, సమోసాలు. షీటు చదవమన్నారు, చదివాను. "మార్కు తప్పాడు."  కమిటీ పెద్ద కళ్ళజోడు తీసి, "మంచి ఫైటరు. వయసు మీదపడితే ఇంతే" అన్నాడు. నర్సింహ యూనియన్ కార్డు తీసేస్తారట.

పృథ్వీరాజ్ గుమ్మం దాకా వచ్చి చెయ్యి నొక్కాడు.

తప్పలేదు.

ఫిబ్రవరి 23

పైమాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

ఫిబ్రవరి 25

వీరరాఘవయ్య గారికి నర్సింహ మాట చెప్పాను. ఎవరన్నారని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. కళ్ళు మూసుకుని విని, "భరోసా తీసేసి నమ్మకం పెడదాం. చివర 'యువరానర్' తగిలిద్దాం" అన్నారు. నలభయ్యొకటో సినిమా.

అంటే తుంటి విరగ్గొట్టాను, పరువు తీశాను, ఇప్పుడు మాట కూడా పట్టుకొచ్చేశాను. ఆ గదిలో ఇంక తేవడానికి బత్తాయిలున్నాయి, అవి నేనిచ్చినవే.

మార్చి 2

 క్రమంగా రాస్తాను.

కోర్టు సెట్. బోనులో హీరో. సూర్యప్రకాశరావు గారు భార్యతో వచ్చి కుర్చీలేసుకు కూర్చున్నారు. నేను మానిటర్ పక్కన షీటు పట్టుకుని ఉన్నాను. జడ్జి వెనక పోలీసు డ్రస్సుల్లో నలుగురు ఫైటర్లు నిలబడ్డారు, కృష్ణానగర్ వాళ్ళే.

హీరో ఆవేశపడ్డాడు. "దూకేవాడు కిందికి చూడడు. కింద ఉన్నవాణ్ణి నమ్మి దూకుతాడు. చూడాల్సింది కింద ఉన్నవాడు. నీతి అంటే అదే, యువరానర్."

కట్ చెప్పకముందే లైట్‌మెన్ ఈలలేశారు. వీరరాఘవయ్య గారు తల వంచుకుని వినయం నటించారు. సూర్యప్రకాశరావు గారు "ఈ లైన్ ఇంగ్లీషులో పెట్టించి మా గోడ మీద ఎనిమిదోది చెయ్యాలండీ" అన్నారు. అందరూ నవ్వుతున్నారు. ఏడుగురికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు హీరో. ఇంతమంది దౌర్భాగ్యుల్ని ఒకచోట నేనెప్పుడూ చూడలేదు, అందులో అందరికంటే పెద్ద దౌర్భాగ్యుణ్ణి నేనే.

పృథ్వీరాజ్ వెనక్కి తిరక్కుండా రోజూ అడిగినట్టే అడిగాడు. "కంటిన్యుటీ ఓకేనా సార్?"

హీరో వాచీ కుడిచేతికి ఉంది. ముందు షాట్లో ఎడమచేతికి ఉంది. ఆ మాట చెప్పడానికే నోరు తెరిచాను. ఒట్టు, అదే చెప్దామనుకున్నాను.

"తప్పింది" అన్నాను.

"ఎక్కడ?"

"సీన్ 62."

"ఇది 71 కదా సార్."

"62లో తప్పింది. బాక్సులు నేను జరిపించాను. మార్కు జరపమని పైకి చెప్పలేదు. నర్సింహ మార్కు మీద నుంచే దూకాడు. నేను రాసిన షీటు అబద్ధం. పెన్సిల్‌ది ఇంట్లో ఉంది, ఫొటోలు ఈ కెమెరాలో ఉన్నాయి."

జరిపించాను అనేశాను. ఇన్నాళ్ళూ ఆ ఒక్క మాట చుట్టూ తిరిగాను.

వీరరాఘవయ్య గారు, "ఏ సీన్లోదయ్యా ఈ డైలాగు, నేను రాయలేదే" అన్నారు. పోలీసు డ్రస్సుల్లోంచి ఒకతను టోపీ తీసి చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. "ఫొటోలు సూపియ్" అన్నాడు.

మార్చి 3

నన్ను తీసేశారు. పృథ్వీరాజ్ ఫోన్ చేసి ఒకటే అన్నాడు: "పక్కకి పిలిచి నాతో చెప్పొచ్చుగా సార్." పక్కకి పిలిస్తే ఇద్దరం కలిసి ఇంకో ఫెయిర్ కాపీ రాసుకునేవాళ్ళం. వాడికీ తెలుసు.

ఇందులో నా గొప్పేమీ లేదు. కమిటీ ముందు కూర్చోబెట్టి సమోసా పెట్టి అడిగితే అబద్ధం చెప్పాను. సెట్లో రోజూ అడిగే ప్రశ్న అడిగితే అలవాటుకొద్దీ నిజం చెప్పాను. ఎమ్మే చదివింది దానికీ పనికిరాలేదు, దీనికీ పనికిరాలేదు.

వాచీ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సినిమాలో అది అలాగే కుడిచేతికి ఉండిపోతుంది.

మార్చి 9

కమిటీ మళ్ళీ కూర్చుంది. ఈసారి పెన్సిల్ షీటు ఇచ్చాను. అందులో నేను పదమూడో తారీఖున గీకింది: "బాక్సులు 2 అ. ఎడమకి, నేను చెప్పగా. పైన మార్కు?" ఆ ప్రశ్న గుర్తు కూడా అప్పుడే పెట్టాను. అంటే దూకకముందే తట్టింది నాకు. తట్టి, రాసుకుని, తల ఎత్తలేదు. కమిటీ పెద్ద ఆ గుర్తు మీద వేలు పెట్టి నా మొహంలోకి చూశాడు. 

నర్సింహ పేరున ఉత్తరం ఇచ్చారు. నేనే తీసుకెళ్తానంటే కమిటీలో ఒకతను, "నువ్వే తీస్కపో. నీ నోటితోనే సదువు" అన్నాడు.

కృష్ణానగర్ వెళ్ళేసరికి నర్సింహ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నీలమ్మ ఈసారి చాయ్ పెట్టలేదు, గుమ్మంలోనే నిలబడింది. నేనూ కూర్చోలేదు.

"ఫైటర్ నర్సింహ మార్కు మీద నుంచే దూకినట్టు కమిటీ నిర్ధారించింది" అని చదివాను.

"మల్ల సదువు."

మళ్ళీ చదివాను.

"నుంచే అని రాసిన్రా? నుంచి అని గాదు గద?"

"నుంచే."

ఉత్తరం తీసుకుని గోడ మీద ఫొటోల వంక చూశాడు, ఎక్కడ తగిలించాలా అన్నట్టు. నేను చెప్పులేసుకుంటుంటే వెనకనించి మాట వినపడింది.

"జర ఆల్సెం జేసినవన్నా."

అవును నర్సింహా, అన్నాను.